అంటువ్యాధి బయటపడ్డ రోజు నుంచి: వ్యాప్తిని ఆపే పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

ఫోన్ వస్తుంది. "నిన్న రాత్రి నుంచి ఇక్కడ పదిహేను మందికి వాంతులు, విరేచనాలు. ఏం చేయమంటారు?" వెంటనే ఏదో ఒకటి చేసేయాలనిపిస్తుంది. వీధుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లించడం, పొగ కొట్టించడం, బడికి సెలవు ప్రకటించడం. అందరికీ కనిపించే పనులు కాబట్టి చేసేవాళ్లకూ చూసేవాళ్లకూ కాస్త ధైర్యంగా ఉంటుంది. కానీ తాగునీటి పైపు పగిలి అందులోకి మురుగు చేరుతుంటే రోడ్డు పక్కన చల్లిన పౌడర్ ఏం చేస్తుంది? డెంగీ దోమ ఇంట్లో నీళ్ల డ్రమ్ములో పుడుతుంటే వీధిలో కొట్టిన పొగ ఆ డ్రమ్ము దాకా వెళ్తుందా?

వ్యాధి ఏ దారిన వెళ్తోందో కనిపెట్టి, ఆ దారిలోనే అడ్డం పడాలి. మిగతాదంతా హడావుడి. ఆరోగ్య కార్యకర్తలు, హాస్టళ్లు, శిబిరాలు నడిపేవాళ్లు, వాలంటీర్లు ఈ పనిని ఏ వరసలో చేస్తే మేలో ఇక్కడ రాస్తున్నాను. ఈ వరస కాగితం మీదే ఇంత శుభ్రంగా ఉంటుంది. నిజంగా దిగాక రెండు మూడు పనులు ఒకేసారి నడుస్తాయి. నడవాలి కూడా.

మొదటి అడుగు: ఇది నిజంగా వ్యాప్తేనా?

ఆ ప్రాంతంలో, ఆ కాలంలో మామూలుగా వచ్చే కేసుల కంటే ఎక్కువ వస్తేనే దాన్ని వ్యాప్తి అంటాం. కాబట్టి ముందు పాత లెక్కలు తీయండి. పోయిన నెలలో ఎన్ని, పోయిన ఏడాది ఇదే నెలలో ఎన్ని? కొత్త ల్యాబ్ తెరిచినా, కొత్త టెస్టు వచ్చినా, ఎప్పుడూ లెక్క రాయని చోట ఒక శ్రద్ధగల ఉద్యోగి చేరినా కేసులు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తాయి. అక్కడ పెరిగింది వ్యాధి కాకపోవచ్చు, లెక్క కావచ్చు.

కొన్ని వ్యాధులకు ఈ పోలిక అక్కర్లేదు. పోలియో, ఎబోలా లాంటివి ఒక్క కేసు కనబడినా చాలు, పరుగెత్తాల్సిందే. కలరా ఎప్పుడూ లేని చోట, పిల్లలు కాకుండా పెద్దవాళ్లలో ఒకరు నీళ్ల విరేచనాలతో నీరసించి చనిపోయినా అంతే.

ఈ దశలోనే నమూనాలు తీయించండి. యాంటీబయాటిక్ వేశాక తీసిన నమూనాలో క్రిమి దొరక్కపోవచ్చు. అందరి నుంచీ తీయనక్కర్లేదు, ఈమధ్యే జబ్బుపడిన కొందరివి చాలు. ఫలితం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. విరేచనాలని తెలిస్తే నీటినీ తిండినీ అనుమానించడానికి ల్యాబ్ రిపోర్టు అవసరం లేదు.

రెండో అడుగు: ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి?

దీన్ని కేసు నిర్వచనం అంటారు. పేరు బరువుగా ఉన్నా పని తేలిక. లక్షణాలు, చోటు, కాలం, ఈ మూడూ ఒక వాక్యంలో రావాలి. ఉదాహరణకు: "ఈ నెల 3వ తేదీ తర్వాత, ఈ హాస్టల్లో ఉంటున్న లేదా ఇక్కడ భోజనం చేసినవారిలో, 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలు అయినవారు." ఇది గోడ మీద అంటించండి. లేకపోతే ఒకరు కడుపునొప్పిని కూడా రాస్తారు, ఇంకొకరు ఆస్పత్రిలో చేరినవాళ్లనే రాస్తారు. ఆ రెండు లెక్కలూ కలిపితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

మొదట్లో వల కాస్త పెద్దదే వేయండి. ల్యాబ్ ఫలితాలు వచ్చాక అనుమానిత కేసు, బహుశా ఇదే జబ్బు అనదగ్గ కేసు, నిర్ధారిత కేసు అని విడగొట్టవచ్చు.

మూడో అడుగు: ఒక నోటుబుక్కు

దీన్నే లైన్ లిస్ట్ అంటారు. ఒక్కో రోగికి ఒక్కో వరుస. పేరు లేదా నంబరు, వయసు, ఆడ, మగ, ఉండే చోటు, చేసే పని, లక్షణాలు మొదలైన తేదీ, వీలైతే గంట, టీకా వేసుకున్నారా, నమూనా తీశారా, ఇప్పుడెలా ఉన్నారు. జబ్బును బట్టి ఇంకో రెండు మూడు గడులు కలపండి: ఏ నీళ్లు తాగారు, ఎక్కడ తిన్నారు, ఎవరితో గదిలో ఉన్నారు.

అన్నింటికంటే ముఖ్యమైన గడి లక్షణాలు మొదలైన తేదీ. ఆస్పత్రికి వచ్చిన తేదీ కాదు, రిపోర్టు వచ్చిన తేదీ కాదు. ఈ ఒక్క గడి తప్పుగా నింపడం వల్ల వంకర తిరిగిన లెక్కలు చాలా చూశాను. "ఎప్పటి నుంచి?" అని అడిగితే "రెండ్రోజుల నుంచండీ" అంటారు. అక్కడితో ఆగకండి. "నిన్న పొద్దున బాగానే ఉన్నారా? మొన్న రాత్రి భోజనం సరిగ్గానే తిన్నారా?" అని వెనక్కి తీసుకెళ్లండి.

ఆస్పత్రికి వచ్చినవాళ్లతోనే సరిపెట్టుకోవద్దు. ఇల్లిల్లూ తిరగండి, మందుల షాపులో విరేచనాల మాత్రలు ఎక్కువగా అమ్ముడవుతున్నాయేమో అడగండి, బడి హాజరు పట్టీ చూడండి.

నాలుగో అడుగు: లెక్క చెప్పే కథ వినడం

ఈ పనిలో అసలు రుచి ఇక్కడే ఉంది.

ముందు కాలం. గీతల కాగితం మీద కింద తేదీలు రాసి, ఒక్కో కేసుకు ఒక్కో గడి పేర్చండి. కేసులు ఒక్కసారిగా ఎగిసి, త్వరగా దిగిపోతే అందరూ ఒకే సమయంలో ఒకే చోట నుంచి అంటించుకున్నారని అర్థం. ఒక విందు, ఒక ట్యాంకు. మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టుకూ మధ్య కొన్ని రోజుల ఎడంతో పెరుగుతుంటే మనిషి నుంచి మనిషికి పాకుతోందని. రోజుల తరబడి ఎత్తుగా నిలిచే ఉంటే కలుషితమైన చోటు ఇంకా తెరిచే ఉంది, జనం ఇంకా వాడుతున్నారని.

ఇక్కడ పొదిగే కాలం తెలిసి ఉండాలి. అంటే క్రిమి ఒంట్లో చేరిన దగ్గర్నుంచి లక్షణాలు కనిపించేదాకా పట్టే సమయం. కలరాకు కొన్ని గంటల నుంచి 5 రోజులు. డెంగీకి 4 నుంచి 10 రోజులు. ఎబోలాకు 2 నుంచి 21 రోజులు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ అయితే 15 నుంచి 50 రోజులు, సగటున నాలుగు వారాలు. ఇవాళ పచ్చకామెర్లతో వచ్చినవాణ్ణి "నిన్న ఏం తిన్నావు?" అని అడిగి లాభం లేదు. నెల కిందటి సంగతి అడగాలి. ఇవాళ నీళ్లు పరీక్షిస్తే శుభ్రంగా ఉండవచ్చు, నెల కిందట పైపు మరమ్మతు జరిగిందేమో వాకబు చేయాలి.

తర్వాత చోటు. మ్యాపు లేకపోతే చేత్తో వీధులు గీసి చుక్కలు పెట్టండి. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా 600 మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చేసింది ఇదే. చావులు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీళ్ల పంపు చుట్టూ మూగి కనిపించాయి. ఆయన గొప్పతనం చుక్కలు పెట్టడంలో కంటే చుక్కలు లేని చోట్లను పట్టించుకోవడంలో ఉంది. ఆ పక్కనే ఉన్న బీరు బట్టీలో పనివాళ్లకు కలరా దాదాపు రాలేదు, ఎందుకంటే వాళ్లు తాగేది బీరు, పైగా బట్టీకి సొంత బావి ఉంది. సెప్టెంబరు 8న పంపు పిడి తీయించారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టిందని స్నో తానే ఒప్పుకున్నాడు. కథలుగా చెప్పేటప్పుడు ఆ ముక్క వదిలేస్తుంటారు. ఇంకో సంగతి: కలరా క్రిమిని రాబర్ట్ కోచ్ అనే శాస్త్రవేత్త గుర్తించి లోకానికి చాటింది ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లకు. క్రిమి పేరు తెలియకుండానే దాని దారి పట్టుకోవచ్చన్నమాట.

ఇక మనుషులు. పిల్లలా, పెద్దలా? వంటవాళ్లా, ఆస్పత్రి సిబ్బందా? ఇక్కడ జబ్బుపడ్డవాళ్లను మాత్రమే అడిగితే మోసపోతాం. ఒక విందుకు 100 మంది వచ్చారు, 46 మందికి వాంతులయ్యాయి అనుకుందాం. సూప్ తాగినవాళ్లు 90 మంది, వాళ్లలో జబ్బుపడ్డవారు 42. సలాడ్ తిన్నవాళ్లు 60 మంది, వాళ్లలోనూ జబ్బుపడ్డవారు 42. రోగుల మాట మాత్రమే వింటే రెండూ సమానంగా దోషులే. ఇప్పుడు తిననివాళ్లను చూడండి. సూప్ ముట్టని 10 మందిలో నలుగురికి వచ్చింది, అంటే 40 శాతం. తాగినవాళ్లలో 47 శాతం. పెద్ద తేడా లేదు. సలాడ్ ముట్టని 40 మందిలో నలుగురికే వచ్చింది, 10 శాతం. తిన్నవాళ్లలో 70 శాతం. ఏడు రెట్లు! ఇక సలాడ్ ఎవరు కోశారు, ఏ నీళ్లతో కడిగారు, ఎన్ని గంటలు బయట పెట్టారు అన్నదాని వెంట పడవచ్చు.

ఐదో అడుగు: దారిని బట్టి అడ్డుకట్ట

నీళ్ల ద్వారా వచ్చేవి. అనుమానం ఉన్న నీటిని వెంటనే ఆపి, వేరే నీరు ఇవ్వండి. ఆపడం ఒక్కటే చేస్తే జనం ఇంకా అధ్వానమైన నీటికి వెళ్తారు. క్లోరిన్ కలిపేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. నీరు బురదగా ఉంటే ముందు తేరనిచ్చి వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ అంతా మట్టే తినేస్తుంది. కలిపాక కనీసం 30 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత మిగులు క్లోరిన్ ఎంతుందో పరీక్షించాలి. వ్యాప్తి ఉన్న సమయంలో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉండేలా చూసుకోవడం మంచిది. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేయాలంటే 1000 లీటర్లకు 6 గ్రాముల పౌడర్. అది లెక్కకు మొదలు మాత్రమే. మిగులు పరీక్ష చూసి పెంచాలి, తగ్గించాలి. మూత తీసి ఉంచిన పాత సంచిలో ఏ పాటి బలం మిగిలిందో ఎవరికీ తెలియదు. పౌడర్‌ను నేరుగా గుమ్మరించకుండా కొద్ది నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట పోయండి. టాయిలెట్ క్లీనర్లలోని యాసిడ్‌తో బ్లీచింగ్‌ను ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు వస్తుంది.

ట్యాంకులో క్లోరిన్ చూసి సంతోషపడి వెళ్లిపోకండి. చివరి ఇంటి కొళాయిలో, ఆ ఇంటి బిందెలో పరీక్షించండి. చేతులు ముంచి తీసుకునే వెడల్పాటి పాత్రలో మంచి నీరు కూడా పాడవుతుంది.

ఈలోపు రోగి ప్రాణం కాపాడేది ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి, సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టించి తాగించాడు. అంతకుముందు సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పిల్లలకు దీంతోపాటు 10 నుంచి 14 రోజులు జింకు ఇస్తారు.

గాలి ద్వారా, తుంపర్ల ద్వారా వచ్చేవి. తట్టు, క్షయ, ఫ్లూ, కోవిడ్. తట్టు క్రిమి రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. అందుకే ఇక్కడ నేల తుడవడం కంటే కిటికీలు తీయడం ముఖ్యం. ఎదురెదురుగా రెండు కిటికీలు తీస్తే చాలా పని జరుగుతుంది. దగ్గేవాళ్లను మిగతావాళ్లతో కలిపి వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టకండి, బయట నీడలో బెంచీ వేయండి. రోగికి మాస్కు, చూసుకునేవాళ్లకు బిగుతుగా అతికే మంచి మాస్కు.

దోమలవి. మలేరియా దోమ ఎక్కువగా రాత్రి కుడుతుంది, దానికి దోమతెర ఆయుధం. డెంగీ దోమ పగలు కుడుతుంది, దోమతెర కట్టుకుని పడుకునే సమయానికి దాని పని అయిపోతుంది. అది ఇంట్లోనూ చుట్టుపక్కలా నిలవ నీటిలో పుడుతుంది. గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం నుంచి పది రోజులు, కాబట్టి వారానికొకసారి ప్రతి పాత్రా ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే చాలదు, గోడల్ని గట్టిగా రుద్దాలి. ఆ గుడ్లు పాత్ర అంచుకు అతుక్కుని నెలల తరబడి ఎండలో కూడా బతికి, మళ్లీ నీరు పడగానే పొదుగుతాయి. పొగ కొట్టడం ఎగిరే దోమల్ని కొన్నింటిని చంపుతుంది, లార్వాలు అలాగే ఉంటాయి. కేసులు ముంచుకొచ్చిన చోట అదనంగా వాడవచ్చు గానీ, దాన్నే నమ్ముకుంటే వారంలో మళ్లీ అదే పరిస్థితి.

చేతుల ద్వారా వచ్చేవాటికి సబ్బుతో కనీసం 20 సెకన్లు. శానిటైజర్ అయితే 60 శాతానికి తగ్గని ఆల్కహాల్ ఉండాలి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద మాత్రం శానిటైజర్ బలం తక్కువ, అక్కడ సబ్బూ నీళ్లే. ఆస్పత్రుల్లో ఇది మరీ ముఖ్యం. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేతులు క్లోరిన్ నీటితో కడిగించేసరికి, ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న బాలింతల మరణాలు కొద్ది వారాల్లోనే 2 శాతం దగ్గరికి పడిపోయాయి. తోటి డాక్టర్లు చాలామంది ఆయన్ని నమ్మలేదు. తమ చేతులే కారణమంటే ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

ఆరో అడుగు: వేరుగా ఉంచడం, వెంటపడి వెతకడం

జబ్బు ఉన్నవాళ్లను వేరుగా ఉంచడం ఐసోలేషన్. జబ్బు అంటుకుని ఉండవచ్చు గానీ ఇంకా బయటపడనివాళ్లను విడిగా ఉంచడం క్వారంటైన్. ఈ రెండు గుంపుల్నీ ఒకే హాల్లో పెడితే మనమే వ్యాధిని పంచినవాళ్లం అవుతాం.

ఎన్ని రోజులన్నది జబ్బే చెబుతుంది. తట్టు దద్దురు రావడానికి 4 రోజుల ముందు నుంచి వచ్చాక 4 రోజుల దాకా అంటుకుంటుంది. కాబట్టి కాంటాక్టుల కోసం, అంటే రోగిని దగ్గరగా కలిసినవాళ్ల కోసం, దద్దురుకు నాలుగు రోజులు వెనక్కి వెళ్లి అడగాలి. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఎనిమిది వేల మందికి పైగా సోకినా కొన్ని నెలల్లో ఆగిపోయింది. అందులో లక్షణాలు వచ్చాకే ఎక్కువగా అంటేది, రోగిని త్వరగా విడదీస్తే గొలుసు తెగిపోయింది. కోవిడ్ లక్షణాలు కనిపించక ముందే అంటుకోవడంతో అదే పద్ధతి సరిపోలేదు. రెండూ ఒకే కుటుంబం వైరస్‌లు, దారిలో ఈ ఒక్క తేడా ప్రపంచాన్నే నిలిపేసింది.

కాంటాక్టుల జాబితా పోలీసు విచారణలా సాగకూడదు. "ఎవరెవర్ని కలిశావు?" అని గద్దిస్తే సగం పేర్లు మింగేస్తారు. "పొద్దున లేచాక ఏం చేశారు, తర్వాత ఎక్కడికి వెళ్లారు" అని రోజు మొత్తం చెప్పించండి, పేర్లు వాటంతటవే వస్తాయి. రోగి పేరు కాంటాక్టులకు చెప్పకండి. విడిగా ఉండమన్నవాళ్లకు తిండి, మందులు, పోయిన కూలి సంగతి ఎవరు చూస్తారో ముందే తేల్చండి. రోజు కూలీని రెండు వారాలు ఇంట్లో ఉండమని చెప్పి చేతులు దులుపుకుంటే మూడో రోజే పనిలోకి వెళ్తాడు. తప్పు అతనిది కాదు.

ఏడో అడుగు: టీకా

ఒక రోగి నుంచి ఎంతమందికి పాకుతుందో తెలిస్తే ఎంతమందికి రక్షణ ఉండాలో తెలుస్తుంది. తట్టు రోగి ఒక్కడు, ఎవరికీ రక్షణ లేని చోట, 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. 15 అనుకుంటే, అందులో 14 మందికి రక్షణ ఉన్నప్పుడే గొలుసు ముందుకు సాగదు, అంటే 93 శాతం. తట్టుకు 95 శాతం టీకా లక్ష్యం అక్కడి నుంచి వచ్చింది. సగటు 95 ఉన్నా ఒక వాడలో 60 ఉంటే వ్యాధి నేరుగా ఆ వాడనే వెతుక్కుంటుంది. సగటు చూసి నిశ్చింతగా ఉండకండి, ఖాళీలు వెతకండి.

టీకా తక్కువగా ఉన్నప్పుడు ఎవరికి ముందు? 1966 చివర్లో నైజీరియాలో మశూచి టీకా చాలక విలియం ఫోగీ అనే వైద్యుడి బృందం, రోగుల చుట్టూ ఉన్నవాళ్లకే వలయంలా వేసింది. వ్యాప్తి ఆగింది. ఆ పద్ధతే మశూచి అంతానికి ముఖ్యమైన ఆయుధమైంది. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో, నిర్మూలన ప్రకటన 1980లో. తట్టు రోగిని కలిసిన 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది. అందుకే కాంటాక్టుల జాబితా రేపటికి వాయిదా వేయకూడదు.

టీకాలు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకడితే కూడా పాడవుతుందని చాలామంది మరిచిపోతారు. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాల్ని ఐసుకు ఆనించి పెట్టి పాడుచేసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఎనిమిదో అడుగు: జనంతో మాట్లాడటం

దీన్ని చివర రాశాను గానీ మొదటి రోజే మొదలవ్వాలి. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి, మళ్లీ ఎప్పుడు చెబుతారో సమయం చెప్పి ఆ సమయానికి రండి. "భయపడాల్సిన పనిలేదు" అన్న మాట విన్న మరుక్షణం జనానికి టెన్షన్ పెరుగుతుంది. ఏం చేయాలో చెబితే తగ్గుతుంది.

పశ్చిమాఫ్రికాలో 2014 నుంచి 2016 దాకా ఎబోలా 11 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. శవాన్ని తాకితే అంటుకుంటుందని మొదట్లో అధికారులు దేహాల్ని సంచుల్లో పెట్టి తీసుకెళ్లిపోయేవారు. కుటుంబాలు రోగుల్నీ శవాల్నీ దాచడం మొదలుపెట్టాయి. తర్వాత పద్ధతి మార్చారు. బంధువులు దూరం నుంచి చూడవచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, సమాధి ఎక్కడో తెలుస్తుంది. అప్పుడు కుటుంబాలు తామే కబురు చేయడం మొదలుపెట్టాయి.

నింద మోపడం ఇంకో చేటు. న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్‌కు ఏ జబ్బు లక్షణాలూ లేవు, కానీ ఆమె ఒంట్లో టైఫాయిడ్ క్రిములు ఉండేవి. 1907లో పట్టుకెళ్లి ఉంచారు. వంట చేయనని మాట తీసుకుని వదిలారు. బట్టలుతికితే సరిపడా డబ్బు రాక పేరు మార్చుకుని మళ్లీ వంటకే వెళ్లింది, 1915లో మళ్లీ పట్టుబడింది. మొత్తం 26 ఏళ్లు ఏకాంతంలో గడిపింది. బతకడానికి ఇంకో దారి చూపించి ఉంటే రెండోసారి ఆమె వంట తిన్నవాళ్లు జబ్బుపడి ఉండేవాళ్లు కాదేమో.

ఎప్పుడు ఆపాలి?

కేసులు తగ్గగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, క్లోరిన్ పరీక్షలు ఆగిపోతాయి. ఆగకూడదు. చివరి కేసు తర్వాత పొదిగే కాలం రెండుసార్లు గడిచేదాకా కొత్త కేసు రాకపోతేనే ముగిసిందని సాధారణంగా అంటారు. ఎబోలాకు 21 రోజులు రెండుసార్లు, 42. అన్ని రోజులూ ఎవరో ఒకరు ఫోన్ ఎత్తాలి, ప్రతి కొత్త జ్వరాన్నీ పరీక్షించాలి.

అది అయిన వారంలోపే రిపోర్టు రాయండి. నాలుగు పేజీలు చాలు. మొదటి కేసు ఎప్పుడు, మనకు కబురు ఎప్పుడు అందింది, నీళ్లు ఎప్పుడు ఆపాం, మధ్యలో ఎన్ని రోజులు పోయాయి, ఎందుకు పోయాయి. ఆ చివరి రెండు ప్రశ్నల జవాబు రాసేటప్పుడు కలం ఆగుతుంది. అయినా రాయండి. పైపు మరమ్మతుకు ఎవరు డబ్బు పెడతారో, ఏ తేదీలోగా చేస్తారో కింద రాయించి సంతకం తీసుకోండి.